మరాపా దీవికి దోనె లాగిన వైతారా మామ

మా మరావు తీరంలో తెడ్డు వేయడంలో వైతారా మామని మించినవాణ్ని నేనొక్కణ్నే. పెద్దవాడు నొచ్చుకుంటాడని ఆయన బతికుండగా ఈ మాట పైకి అనలేదు. మా అమ్మకి అన్న ఆయన. సొరచేప ఎదురైతే నవ్వేవాడు, కెకెరి అత్త ఎదురైతే మాత్రం దోనె చాటుకి తప్పుకునేవాడు. దీవి నుంచి దీవికి కందగడ్డలు, పందులు, పెళ్లికూతుళ్లు, అన్నీ ఆయన దోనెలోనే దాటేవి.

చచ్చినవాళ్లు కూడా దాటేవారు. మావాళ్లు పోయాక చేరేది ఎదురుగా కనిపించే మరాపా దీవికే. ఇంట్లో పోయినవాళ్లకి దారి తెలుసు. దూరాన, శవం కూడా దొరక్కుండా పోయినవాణ్ని మాత్రం సొంతవాళ్లు వెళ్లి తెచ్చుకోవాలి. పోయినచోట దోనె ముక్కు మీద చీల్చిన వక్క, దాంతో నమిలే సున్నం బుర్ర పెట్టి, వీపు తిప్పి, పేరు పలకకుండా "ఎక్కు" అనాలి. దోనె కాస్త దిగబడితే ఎక్కినట్టు. వానలు వెనకపట్టేలోగా దాటించకపోతే చచ్చినవాడు తనవాళ్ల గొంతులు మరిచిపోతాడు. ఆపైన ఎంత పిలిచినా పలకడు.

యుద్ధం వచ్చిన ఏడు మామ తమ్ముడు పొరాసి సైన్యం సామాన్లు దించే కూలీగా లుంగా తీరానికి వెళ్లాడు. అక్కడ అడవిలో సైనికులు, నీళ్లలో ఓడలు, పైన విమానాలు ఒకరినొకరు నమిలేసుకుంటున్నారు. ఒక విమానం వేసిన బాంబుకి పొరాసి ఉన్న సామాన్ల పడవ, అందులోని మనుషులు కనపడకుండా పోయారని తిరిగొచ్చిన కూలీలు చెప్పారు.

అప్పటికే వానలు పలచబడుతున్నాయి. మామ దోనె తీశాడు. తీరం పొడవునా రోజుల తరబడి ప్రయాణం. నేనైతే ఇంకా ముందే చేరేవాణ్ని. దారిలో దిగులుకి నములుతూ నములుతూ తమ్ముడికని తెచ్చిన వక్కలు కూడా నమిలేశాడు. లుంగా చేరి చూస్తే గుండ్ల దెబ్బకి చెట్లకి తలలు లేవు. వెతికినా ఒక్క వక్క దొరకలేదు. ఏం చేస్తాడు? ఎవరో సైనికుడు పారేసిన మాంసం డబ్బా తెరిచి దోనె ముక్కు మీద పెట్టి, వీపు తిప్పి "ఎక్కు" అన్నాడు.

దోనె బాగా దిగబడింది. సైన్యం తిండికి తమ్ముడు ఒళ్లు చేశాడని మామ మురిసిపోయాడు. కానీ కొంతదూరం పోయాక వెనకనుంచి తడిసిన తోలు వాసన వచ్చింది. ఎవరో దగ్గుతున్నారు. పొరాసి జన్మలో దగ్గి ఎరగడు. మరాపా ఒడ్డుకి ఆనించి ఎంతసేపు ఆగినా దోనె తేలిక పడలేదు. అక్కడివాళ్లు తమవాళ్లకే ఎదురొస్తారు. ఈ బరువు కోసం ఎవరూ రాలేదు.

ఊరికి తిరిగొచ్చాక, చూపుకి ఖాళీగా ఉన్న ఆ దోనెని ఇసుక మీదికి లాగడానికి ఊరంతా కావలసివచ్చింది. సగం నేనే లాగాను. అత్త దోనె ముక్కు మీది డబ్బా చూసింది.

"మీ తమ్ముడు ఇది తినేవాడా?"

"దొరికితే తినేవాడే."

"దొరికితే ఎవడైనా తింటాడు. అందుకే ఎవడో ఎక్కి కూచున్నాడు. వక్కకైతే మనవాడే వచ్చేవాడు కదయ్యా."

దయ్యం ఎక్కిన దోనె అని తెలిశాక మామకి ఎవరూ మరో దోనె ఇవ్వలేదు. అత్త వక్కలు మూటకట్టి, నోట్లో వేసుకున్నావో ఇంటికి రావద్దని చెప్పి అదే దోనెలో పంపింది. మబ్బులు విడిపోతున్నాయి.

లుంగాలో మిట్టమధ్యాహ్నం, ఆకు కదలని వేళ మామ వక్క చీల్చి పెట్టి "ఎక్కు" అన్నాడు. ముక్కు కిందికి వంగింది. అంచు మీదుగా నీళ్లు లోపలికొచ్చాయి. ముగ్గురిని మోయలేదది. వెనకనున్నవాణ్ని దిగమని మా భాషలో చెప్పాడు, చేతులు ఊపి చెప్పాడు. వాడు దగ్గాడు. డబ్బాని ఒడ్డుకి విసిరితే దాని వెనకే పోతాడనిపించి చెయ్యెత్తాడు. అప్పుడు చూశాడు. చీల్చిన వక్కలో ఒక బద్ద ముక్కు మీద లేదు. వెనక, దగ్గు వినపడేచోట ఉంది. మామ చూస్తుండగానే అది కూడా పోయింది. దోనె చెక్క మీద అప్పుడే ఉమ్మిన ఎర్రటి మరక, తడిగా.

తమ్ముడే పంచి ఇచ్చాడు. పంచుకు తిన్నవాణ్ని దింపేయడం మాలో లేదు. మామ డబ్బాని ఉన్నచోటే పెట్టి, దోనె తాడు నడుముకి కట్టుకుని తనే నీళ్లలోకి దిగాడు.

తీరం వెంబడి గుండెలోతు నీళ్లలో నడిచాడు, లోతు వచ్చినచోట ఈదాడు. కాళ్ల కింద మునిగిన ఓడల ఇనుము గొణుగుతూనే ఉందట. సొరచేపలు దగ్గరికొచ్చి, దోనెని చూసి తోకలు తిప్పుకున్నాయట. ఒడ్డునున్నవాళ్లకి కనిపించింది ఖాళీ దోనెని ఓడని లాగినట్టు లాగుతున్న ముసలాయనే. ఇదంతా ఆయన చెప్పిందే, నేను కలిపింది తక్కువ.

మరాపా ఇసుకకి తగలగానే దోనె నురుగులా పైకి తేలింది. తడి ఇసుకలో అడుగులు పడుతూ పోయాయి, ఒకరివి వట్టికాళ్లు, పక్కనే ఇంకొకరివి బూటుకాళ్లు. మనిషి లేడు. చెట్ల దగ్గర అడుగులు ఆగాయి.

మామ పేరు పలకలేదు. "ఒరేయ్, నేనెవర్నో తెలిసిందా?" అని మాత్రం అడిగాడు.

వానలు అప్పటికే వెనకపట్టాయేమోనని ఆకాశం చూశాడు.

"తాడు కట్టిన పందిలా ఈదుకొచ్చావు కదన్నా," అంది చెట్లలోంచి ఓ గొంతు. "ఇంటికైనా తెడ్డేసుకుని పో. వదిన చూస్తే నవ్వుతుంది."

తర్వాత పొదలు కదిలాయి, ముందొకటి, దాని వెనకే ఇంకొకటి. మామ నడుముకున్న తాడు విప్పి, దోనె ఎక్కి తెడ్డు అందుకున్నాడు.