చూడకుండా చదివిన చివరి వరుస

ఏడో తరగతిలో నన్ను బడి మాన్పించినప్పుడు నాకు బుర్ర లేదని అందరూ అనుకున్నారు. రెండేళ్ళ తర్వాత కళ్ళద్దాలు వచ్చాక తేలిందేమిటంటే, నాకు నల్లబల్ల కనిపించేదే కాదు. అయ్యో, చూపు లేక చదువు పోయిందని మా అమ్మ ఏడ్చింది. నేను అద్దాలు పెట్టుకుని పాత పుస్తకం తెరిచాను. అక్షరాలన్నీ శుభ్రంగా కనిపించాయి. ఒక్క ముక్క అర్థం కాలేదు. అంటే అందరూ మొదట అనుకున్నది కూడా నిజమే.

మా మరాఠీ బడిలో బల్ల కనిపించకుండా ఏడేళ్ళు నెట్టుకొచ్చింది చెవులతో. పక్కవాడు పైకి చదివితే ఒక్కసారి విని అప్పజెప్పేవాడిని. పుస్తకం తలకిందులుగా పట్టుకుని మరాఠీ పాఠం తప్పు లేకుండా చదివిన ఘనత నాది. తెలుగు అక్షరాలు ఆ తర్వాతెప్పుడో పెళ్ళిపత్రికల మీద నేర్చుకున్నాను. ఎందుకంటే నా బతుకంతా పెళ్ళిళ్ళే. చంద్రపూర్‌లోని బాబుపేట్‌లో మాది వంట బ్యాచ్: నేను, నా భార్య, ఇంకో నలుగురు. గనుల్లో పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు, రాజురా వైపు రైతులు, పెళ్ళి కుదిరితే మమ్మల్నే పిలుస్తారు. సామాను చిట్టా ఒకసారి చదివి వినిపిస్తే చాలు, నాకు కాగితం అక్కర్లేదు, పొయ్యి దగ్గర నిలబడి అందరికీ అరిచి చెబుతాను.

కష్టమంతా అద్దాలతోనే. గుండిగ మూత తీస్తే ఆవిరి కమ్మేది. తుడుచుకునేలోపు పప్పు అడుగంటేది. కంట్లో పెట్టుకునే లెన్సులూ వాడి చూశాను. పొయ్యి పొగకు కళ్ళు ఎర్రబడి ధారలు కారుతుంటే, అప్పగింతలు చూసి ఏడుస్తున్నాననుకుని పెళ్ళికూతురి నాన్న వచ్చి నన్ను ఓదార్చాడు. మళ్ళీ అద్దాలకే వచ్చాను. కిందటి వేసవిలో బామ్నిలో ఒక పెళ్ళికి గంజి వారుస్తుండగా అద్దాలు మసకబారాయి. గంజి పోవలసిన చోటికి పోక నా కుడి పాదం మీదికి వచ్చింది. పన్నెండు రోజులు మంచం. నేను లేచి నడిచిన రోజున నా భార్య అరవలేదు. దానికే భయం వేసింది.

"గీ కాలు నీది కాబట్టి సరిపోయింది. రేపు పక్కనున్నోని మీద వడ్తే ఏంది? కండ్లు మంచిగ చేయించుకో, లేకుంటే పొయ్యి కాడికి రాకు. నేనే చెప్తున్న" అంది.

పొయ్యి దగ్గరికి రావద్దంటే నేనిక ఏం చెయ్యను? అరిటాకులు తుడుస్తూ కూర్చోవాలి. నాగ్‌పూర్‌లో ఒక కళ్ళ ఆసుపత్రికి ఇద్దరం బయల్దేరాం.

డాక్టరమ్మ బొమ్మలు చూపిస్తూ నాలుగు రకాల ఆపరేషన్లు చెప్పింది. నేను వాటిని నా భాషలోకి వండుకున్నాను. మొదటిది, పొంగిన పూరీ పైపొర ఒక పక్కన విప్పి లేపినట్టు కంటిపొర లేపి, లోపల లేజర్ పని కానిచ్చి, మళ్ళీ మూసెయ్యడం. మర్నాడే చూపు. రెండోది, అల్లం తోలు గీకినట్టు పైపైన గీకి అక్కడే లేజర్. మూడు నాలుగు రోజులు మంట, చూపు కుదురుకోవడానికి వారాలు. మూడోది, చింతపండులోంచి గింజ లాగినట్టు చిన్న గాటు పెట్టి లోపలి నుంచి పల్చటి బిళ్ళ లాగడం. నాలుగోది, ఏమీ చెక్కకుండా గుత్తివంకాయలో మసాలా కూరినట్టు కంట్లో లెన్సు కూరడం. ఆ చివరిది నా కంటికి కుదరదనీ, లోపల అంత జాగా లేదనీ కొలిచి చెప్పింది. ఇంకో నెలలో పెళ్ళిళ్ళ సీజను. నేను పూరీకి ఓటేశాను.

అయితే ముందు చూపు కొలవాలి. అసలు కథ ఇక్కడుంది.

కొలిచే గదికి తలుపు లేదు, తెర మాత్రమే. బయట బెంచీ మీద నేను. లోపల ఒకరి తర్వాత ఒకరు గోడ మీది ఇంగ్లీషు అక్షరాలు చదువుతున్నారు. మరి నా చెవులు ఊరుకుంటాయా? నా వంతు వచ్చేసరికి చివరి వరుస దాకా నోటికి వచ్చేసింది. అద్దాలు తీసి చదవమని టెక్నీషియన్ అమ్మాయి అడిగింది. ఎదురుగా నాకు కనిపిస్తున్నది తెల్లటి మబ్బు. కానీ బడిలో లేచి నిలబడ్డ పిల్లాడికి 'కనిపించలేదు' అనే మాట ఎప్పుడు నోరు దాటింది గనుక? నాలుగైదు వరుసలు గడగడా అప్పజెప్పాను. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసి, అద్దాలు మార్చి మార్చి పెడుతూ ఇది బాగుందా, ఇది బాగుందా అని అడిగింది. పంక్తిలో గరిటె పట్టుకుని ఎట్లుందని నేనడిగితే ఇంతవరకు ఎవరూ బాగాలేదనలేదు. అదే మర్యాద నేనూ పాటించాను. అన్నీ బాగున్నాయన్నాను.

వారం తర్వాత రెండోసారి కొలిచారు. ఈసారి వేరే గది, వేరే అక్షరాలు, పైగా తలుపున్న గది. నంబరు చాలా తేడా వచ్చింది. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, మీ చూపు ఇంకా నిలకడగా లేదు, ఆపరేషన్ చెయ్యలేను, ఏడాది తర్వాత రండి అంది. ఏడాదంటే పొయ్యి పోయినట్టే.

నా భార్య నా వైపు తిరిగింది. "నువ్వు చూసి చదివినవా, విని చదివినవా?"

"విని."

డాక్టరమ్మకు తెలుగు రాదు. నా భార్య తనకొచ్చిన మరాఠీలో నా బడి చరిత్ర మొత్తం, తలకిందుల పుస్తకంతో సహా, చెప్పేసింది. పక్కనున్న టెక్నీషియన్ అమ్మాయి నవ్వింది, డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. లేజర్ మీరు చెప్పిన నంబరు ప్రకారమే చెక్కుతుంది, తప్పు చెబితే తప్పే చెక్కుతుంది, చెక్కింది మళ్ళీ అతికించలేం అంది. ఇక్కడ కనిపించలేదన్నవాళ్ళే పాస్ అనీ అంది. ఆ లెక్కన నేను నా జీవితంలో మొదటిసారి పాసవ్వడానికి కూర్చున్నాను. కళ్ళలో చుక్కలు వేసి మళ్ళీ కొలిచారు. మొదటిసారి 'కనిపించలేదు' అనడానికి బడిలోలా లేచి నిలబడ్డాను. పదోసారికి అలవాటైపోయి, కనిపిస్తున్నవి కూడా కనిపించలేదనబోయి ఆగాను. ఇంకో రోజు మళ్ళీ కొలిస్తే అదే నంబరు వచ్చింది.

అది నేను ముందు ఒప్పుకున్న దానికంటే పెద్దది. నంబరు పెద్దదైతే ఎక్కువ చెక్కాలి. నా కంటిపొర అసలే పలచన. పూరీ లేపి చెక్కితే కింద మిగిలేది చాలదని, ఏళ్ళు గడిచాక పొర ఉబ్బి చూపుకే ఎసరు రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. చింతగింజదీ అదే సంగతి. మిగిలింది అల్లం ఒక్కటే. రెండు నెలలు పొగ, దుమ్ము, ఎండ తగలకూడదట. చంద్రపూర్‌లో ఈ మూడూ లేని చోటు ఎక్కడుందో అది కూడా మీరే చీటీ మీద రాసివ్వండి మేడమ్ అన్నాను. నల్లద్దాలు రాసింది.

అప్పటికీ బేరమాడదామనిపించింది. మొదటి నంబరుకే ఆ పూరీ ఆపరేషన్ చేసేస్తే సీజను దక్కుతుంది కదా అని దారిలో బస్సులో అన్నాను. నా భార్య నా కాలి మీద మచ్చ వైపు చూసి, కిటికీ వైపు తిరిగింది. అల్లానికే సంతకం పెట్టాను.

గీకిన మూడు రోజులూ ఎవరో నా కళ్ళలో ఉల్లిగడ్డలు తరిగినట్టే ఉంది. తర్వాత మెల్లగా గోడ మీది క్యాలెండరు, వీధి చివరి ఆటో నంబరు, పైకప్పు మీది బల్లి కనిపించసాగాయి. సీజను నా భార్య చేతుల మీద నడిచింది. నేను నల్లద్దాలు పెట్టుకుని పొగ రాని మూలన పంక్తిలో కూర్చుని, నా బ్యాచ్ వంట మొదటిసారి అతిథిలా తిన్నాను. బాగుంది. కొంచెం మంట పుట్టింది, కళ్ళలో కాదు.

ఆఖరి పెళ్ళి గిన్నెలు కడుగుతుండగా వెళ్ళి, నేను లేకుండా ఎట్ల నడిచిందే, మస్తు ఇబ్బంది పడ్డరు గదా అని అడిగాను. నా భార్య గుండిగ బోర్లించి చెయ్యి తుడుచుకుంది.

"ఇబ్బందేం లే. నీ లొల్లి లేకుంటే ఈసారి పెండ్లోళ్ళకు మంత్రాలు ఇనవడ్డయట. అయ్యగారే అచ్చి చెప్పిండు."