కబ్ద్‌లో జింక కోసం పాకిన సాయంత్రం

మొన్న శుక్రవారం ఇక్కడ కువైట్‌లో మా అక్క కొడుకు, అల్ రాయ్‌లో ఒక గోదాముకు లారీ నడిపేవాడు, మహబూలాలోని మా గదికి వచ్చి, ఎప్పుడు చూసినా మంచం మీద కూర్చుని ఫోన్ నొక్కుకుంటూ ఉంటే కీళ్లు పట్టేస్తాయని నన్ను దబాయించి బండెక్కించాడు. ఎక్కడికిరా అంటే చెప్పడు. తీరా చూస్తే కబ్ద్, ఊరి బయటి ఎడారి. ఎవరిదో పెద్ద తోట, లోపల ఇనుప వల కట్టి నాలుగైదు జింకలను పెంచుతున్నారు, పిల్లలు వల సందుల్లోంచి క్యారెట్లు పెడుతున్నారు, పెద్దవాళ్లు వాటితో ఫోటోలు దిగుతున్నారు. అందులో ఒక జింక మేత నోట్లో పెట్టుకునే తల ఎత్తి, చెవులు రెండూ మా వైపు తిప్పింది. నాకు తెలియకుండానే మా వాడి మోచెయ్యి పట్టుకుని, కదలొద్దు అన్నాను. వాడు పకపకా నవ్వాడు. "యాడికి పోతాది మామా, కంచె ఉండాది గదా!"

వాడన్నది నిజమే. అయినా చెయ్యి వదలడానికి నాకు కొంచెంసేపు పట్టింది. వాడికేం తెలుసు, అదే కబ్ద్‌లో, కంచె లేని చోట, ఒక సాయంత్రం నేనూ నా మిత్రుడూ ఒక జింక వెంట ఎలా తిరిగామో. ఇంటికొచ్చాక కూడా ఆ సాయంత్రమే కళ్ల ముందు ఆడుతూ ఉంటే, మన ఈడు వాళ్లకు చెప్పుకుందామని కూర్చున్నాను. ఈ కాలం పిల్లలకు చెబితే మధ్యలోనే ఫోన్ తీస్తారు.

నేను కువైట్ వచ్చిన కొత్తలో నన్ను కబ్ద్‌లో ఒక తోటలో వేశారు. తోట అంటే మన మామిడి తోటో, అరటి తోటో అనుకునేరు, అదేం కాదు. నాలుగు వరసల ఖర్జూరం చెట్లు, కాసిని దోస పాదులు, గొర్రెల దొడ్డి, రెండు ఒంటెలు, ఒక నీళ్ల ట్యాంకు, మాకు ఒక రేకుల గది. చుట్టూ ఎటు చూసినా ఇసుక. మా కఫీల్, అంటే మమ్మల్ని పనిలో పెట్టుకున్న యజమాని, వారానికొకసారి సెలవునాడు కుటుంబంతో వచ్చి, మాంసం కాల్చుకు తిని, సాయంత్రం దాకా ఉండి పోయేవాడు. మిగతా రోజులన్నీ మేమిద్దరమే.

ఆ రెండోవాడే నా మిత్రుడు. మా ఊరికి కొండ అవతలి ఊరు వాడిది. వరసకు ఏమీ కాకపోయినా వాడు నన్ను బావా అనేవాడు, నేనూ వాణ్ణి బావా అనేవాణ్ణి, ఇప్పటికీ అంతే. వాడంత వాగుడుకాయను నేను ఇంకెక్కడా చూడలేదు. మనిషి దొరక్కపోతే గొర్రెతో మాట్లాడేవాడు, గొర్రె లేకపోతే నీళ్ల మోటారును తిట్టేవాడు. నాకేమో మాట తక్కువ, కోపం ఎక్కువ. మొదటి నెలలో వాడి నోరు ఎప్పుడు మూతపడుతుందా దేవుడా అనుకున్న నేను, తర్వాత తర్వాత వాడు జ్వరమొచ్చి రెండు పూటలు మాట్లాడకపోతే అన్నం తినలేకపోయాను.

మా కఫీల్‌కి ఎవరో ఒక జింక పిల్లను కానుకగా ఇస్తే, తల్లిలేని పిల్లను సీసాపాలు పట్టి పెంచే పని బావ మీద పడింది. ఒళ్లో పడుకోబెట్టుకుని, ఊళ్లో ఆడపిల్లకు చెప్పినట్టు కబుర్లు చెబుతూ పాలు పట్టేవాడు. దానికి వాడు పెట్టిన పేరు అమ్మీ. మా వైపు కూతుర్ని పిలిచే పిలుపది. "దా అమ్మీ, దా" అంటే ఎక్కడున్నా చెంగుచెంగున వచ్చేది. కఫీల్ తల్లి, ముసలావిడ, వచ్చినప్పుడల్లా దాని దగ్గరే కూర్చునేది. దాన్ని చూస్తే ఆవిడకు ఒంట్లో నొప్పులన్నీ పోతాయని కఫీల్ నమ్మకం.

అది పెరిగి పెద్దదయ్యేసరికి బావకు పెళ్లి కుదిరింది. కుదరడమేమిటి, చిన్నప్పటి నుంచీ అనుకున్నదే, మేనమామ కూతురు. వీడికి సెలవు దొరక్క ముహూర్తం అప్పటికే ఒకసారి వాయిదా పడింది. ఈసారీ రాకపోతే పిల్లను వేరేవాళ్లకిస్తామని మేనమామ ఫోన్‌లో తెగేసి చెప్పాడు. ఆ పిల్ల మాత్రం ఫోన్ దగ్గరికి వచ్చి ఒక్క మాట కూడా అనలేదట, వెనకాల నిలబడి ముక్కు చీదుకోవడం వినిపించిందట. ఆ చప్పుడు గురించే బావ నాకు వారం రోజులు చెప్పాడు. మొత్తానికి కఫీల్ ఒప్పుకున్నాడు, టికెట్టూ కొన్నాడు, వచ్చే సెలవునాడు తన దగ్గరున్న పాస్‌పోర్టు చేతిలో పెడతానన్నాడు.

అంతా సవ్యంగా ఉంది అనుకుంటుండగా దుమ్ముగాలి లేచింది. మన గాలివాన కాదు, ఎదురుగా మనిషి ఉన్నా కనపడని ఎర్రటి దుమ్ము. తగ్గాక గది తలుపు తీసి చూస్తే జింక చుట్టూ వల కట్టిన గుంజలు రెండు ఒరిగిపోయి ఉన్నాయి, జింక లేదు. సంగతి తెలిసి కఫీల్ బండేసుకుని వచ్చాడు. అరవలేదు, కొట్టలేదు. ఒరిగిన గుంజలను చూశాడు, బావను చూశాడు, మాకు అర్థమయ్యే భాషలో రెండే ముక్కలన్నాడు. "గజాల్ మాఫీ, సఫర్ మాఫీ. ఖలాస్." జింక లేకపోతే ప్రయాణం లేదు, అంతే. తల్లికి ఏం చెప్పాలో తెలియని దిగులు ఆయన ముఖంలో కనపడుతూనే ఉంది, కానీ నాకు ఆ క్షణాన ఒళ్లు మండిపోయింది.

మర్నాడు సాయంత్రం, ఎండ తగ్గాక, దొడ్డికి దూరంగా ముళ్లపొదల దగ్గర అది కనపడింది. ఇక మా ఇద్దరికీ ఎక్కడలేని హుషారొచ్చింది. ఎందుకంటే జింకను పొంచిపట్టడం మాకెవరూ నేర్పనక్కర్లేదు. కొండకింద ఊళ్లలో పుట్టినవాళ్లం. ఎండాకాలం సాయంత్రాలు పెద్దవాళ్లతో కలిసి వంకలో చెలమ దగ్గర పొదల మాటున పడుకుని, దుప్పులు నీళ్లకు దిగడం చూసినవాళ్లం. గాలికి ఎదురుగానే పోవాలి, తలకు నూనె రాయకూడదు, బీడీ తాగకూడదు, దగ్గు వచ్చినా మింగాలి, అది తల ఎత్తితే రాయిలా ఉండిపోవాలి. ఆ విద్య అంతా మాకు వంటబట్టింది. కాబట్టి ఇద్దరం సబ్బు లేకుండా తలారా నీళ్లు పోసుకున్నాం. దాణా వచ్చిన గోనె సంచులు ఇసుక రంగులో ఉంటాయని వాటిని చీల్చి వీపుల మీద కప్పుకుని నడుముకు తాళ్లతో కట్టుకున్నాం. బావ పిడికెడు ఇసుక తీసి జారవిడిచి గాలి ఎటుందో చూశాడు. నేను మేకుకు చుట్టిన తాడు తీసుకున్నాను.

ఆ తర్వాత ఇద్దరం మాట్లాడలేదు. అంతటి వాగుడుకాయ నోరు కుట్టేసుకున్నాడు. చేత్తో సైగ చేస్తే ఆగడం, కనుబొమ్మ ఎగరేస్తే కదలడం. బోర్లా పడుకుని మోచేతుల మీద పాకుతూ పోయాం. ఇసుక ఇంకా వెచ్చగానే ఉంది, ముళ్లు గోనెలోంచి దిగుతున్నాయి, పక్కన వాడి ఊపిరి నాకు వినపడుతోంది. నిజం చెప్పొద్దూ, వాడి బతుకు ఆ జింక కాళ్లకు కట్టి ఉందని తెలిసి కూడా ఆ కాసేపూ నాకు ఎంత సంతోషంగా ఉందో! మా ఊరి వంకలోనే ఉన్నట్టుంది. ఈ దేశంలో ఇన్నేళ్లలో నేను పనివాణ్ణన్న సంగతి మరిచిపోయింది అప్పుడొక్కసారే.

ఇక చెయ్యి చాస్తే అందేంత దూరం వచ్చాం అనుకున్నప్పుడు అది తల ఎత్తింది. మేం రాళ్లమయ్యాం. అది ఒక్క క్షణం చూసి, ఎగిరి ఒక్క దూకు దూకి, కనుచూపు మేర దాటిపోయింది. మళ్లీ చుట్టూ తిరిగి, మళ్లీ గాలి చూసుకుని, మళ్లీ పాకాం. మళ్లీ అంతే. మూడోసారి అది వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి బుసకొట్టింది కూడా. పొద్దు వాలిపోతోంది. చీకటి పడితే వీధికుక్కలు ఉంటాయి, రోడ్డు మీద లారీలు ఉంటాయి.

అప్పుడు బావ లేచి నిలబడ్డాడు. నేను కాలు పట్టుకుని లాగుతున్నా వినకుండా, గోనె పీకి అవతల పారేసి, లుంగీ బనియన్ల మీద, ఆ ఎడారి అంతా వినపడేలా దాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. "ఏమే అమ్మీ! సీసాతో పాలు పట్టి సాకితి గదే నిన్ను! నాకు పెండ్లి ల్యాకుండా చేస్తావా? ఆ పిల్ల ఏడస్తాంటే నీకు సంతోసంగా ఉండాదా?" తిడుతూ తిడుతూనే అక్కడే ఇసుకలో చతికిలబడ్డాడు.

జింక ఆగింది. చెవులు నిక్కించింది. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, నా పక్కనుంచే, నన్ను లెక్కచెయ్యకుండా నడిచి పోయి వాడి బనియన్ నాకింది.

అప్పుడుగానీ మా తెలివితక్కువతనం మాకు తెలిసిరాలేదు. అది కొండలో దుప్పి కాదు, మనిషి చేతుల్లో పెరిగింది. వాసన చంపుకుని, మాట చంపుకుని, గోనెలు కప్పుకుని పాకుతున్న రెండు ఆకారాలను చూసి పాపం అది ఏ తోడేళ్లో అనుకుని హడలిపోయి ఉంటుంది. దానికి కావలసింది ఆ నూనె తల, ఆ లుంగీ, ఆ వాగుడు. వాడు రోజూ ఉన్నట్టే ఉండి ఉంటే మొదటి పిలుపుకే వచ్చేది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను గోనెతోనే కూర్చుండిపోయాను.

తాడు అవసరం లేకపోయింది. వాడు ముందు, వాడి వెనక జింక, దాని వెనక నేను. దూరంగా ఎక్కడో మసీదులో సాయంత్రపు నమాజుకు పిలుపు వినపడుతోంది, ఆకాశం అంతా కుంకుమ రంగులో ఉంది. ఒరిగిన గుంజల దాకా వచ్చి జింక ఆగిపోయింది. తల తిప్పి, వచ్చిన దారి వైపు, ఆ ఖాళీ వైపు చూస్తూ నిలబడింది. బావ కూడా ఆగాడు. వెనకనుంచి నేను తోసేద్దామని చెయ్యి ఎత్తితే వద్దన్నట్టు తల ఊపాడు. తనే లోపలికి పోయి, రోజూ పాలు పట్టిన చోట కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. కాసేపటికి అదీ పోయి వాడి మోకాలి మీద మూతి పెట్టుకుంది. వాడు దాని మెడ నిమురుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. "దీన్ని లోపలేసి నేను బయటపడతాండా బావా."

నేను గుంజలు నిలబెట్టి వల బిగించే పనిలో పడ్డాను.

కఫీల్ మాట తప్పలేదు. తల్లిని వెంటబెట్టుకుని వచ్చి, బావ నుదుటి మీద ముద్దుపెట్టి, పాస్‌పోర్టూ, పెళ్లికూతురికని ఒక అత్తరు సీసా చేతిలో పెట్టాడు. బావ మూడు నెలల్లో వస్తానని నాతో ఒట్టేసి పోయాడు. పెళ్లయింది. మూడు నెలలన్నవాడు ఆరన్నాడు, తర్వాత ఏడాదన్నాడు, తర్వాత అనడమే మానేశాడు. ఊళ్లోనే మేకలు కొనుక్కుని, మేనమామకున్న కాస్త సేద్యం చూసుకుంటూ నిలదొక్కుకున్నాడు. మంచి పని చేశాడు. వాడి స్థానంలో తోటకు ఇంకొకరు వచ్చారు, బెంగాల్ మనిషి, నెమ్మదస్తుడు. జింకకు మేత వేసే పని నాది అయింది. మొదట్లో నేను సిగ్గు విడిచి, బావ లాగే కబుర్లు చెప్పాలని చూశాను, నాకు రాలేదు. అది మేత తినేది, కానీ నేను పిలిస్తే మాత్రం ఎన్నడూ పరుగెత్తి రాలేదు.

ఇప్పుడు కాలం మారింది. బావ పొద్దుటొకసారి, సాయంత్రమొకసారి వీడియోలో కనపడతాడు, మనవరాలిని ఒళ్లో పెట్టుకుని మేకల మందంతా చూపిస్తాడు, వాగుడు ఏమీ తగ్గలేదు. ఏం బావా, వచ్చేయరాదా అంటాడు, ఈ ఏడు ఇక్కడ ఉండే ఇఖామా గడువు అయిపోతే చూద్దాంలే అంటాను. మాటలకు లోటు లేదు. పక్కన వాడి ఊపిరి వినపడేది, అది ఫోన్‌లో రావడం లేదు. మా గదిలో ఆరుగురం ఉంటాం, ఎవరి చెవుల్లో వాళ్ల తీగలు. ఈ ఏళ్లలో ఎందరినో విమానం ఎక్కించి వచ్చాను. ఒక మంచం ఖాళీ అవుతుంది, పది రోజుల్లో దాని మీద ఇంకొకడి దుప్పటి పడుతుంది, అంతే.

ఆ జింక దొరక్కపోతే బావ ఇక్కడే ఉండేవాడు. ఈ సంగతి ఆ సాయంత్రం నాకు తట్టనే లేదు, తట్టినా చేసేది అదే. ఉన్న ఒక్క మిత్రుణ్ణి ఇంటికి పంపించడానికి మోచేతులు దోక్కుపోయేలా నేనే పాకాను. మళ్లీ అలాంటి సాయంత్రం వస్తే మళ్లీ పాకుతాను. కాకపోతే ఈసారి కొంచెం మెల్లగా పాకుతాను.