‘మీ ఇష్టమండి’ అన్నందుకు

కాకినాడ హార్బర్‌లో చేపల వేలం పాట జరుగుతుండగా ఉన్నట్టుండి నా గుండె దడదడలాడింది. చెమటలు పట్టి చేతులు చల్లబడ్డాయి. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. నేను పాడుతున్న వంజరం చేపల గంపను వదిలేసి ఆటో ఎక్కేశాను.

ఆసుపత్రిలో ఈసీజీ, ఎకో తీశారు. "గుండె బాగానే ఉందమ్మా. ఇది పానిక్ ఎటాక్. సైకాలజిస్టుని కలవండి" అన్నారు డాక్టరుగారు. నాకు ఒళ్లు మండింది. ప్రాణం మీదికొస్తే బాగానే ఉందంటారేంటి! కానీ ఆ తర్వాత హార్బర్ పేరెత్తితే చాలు, దడ మొదలయ్యేది. చేపలు కొని హోటళ్లకు వేయడమే మా బతుకు. నేను పాటకు వెళ్లకపోతే వ్యాపారం మూసుకోవాల్సిందే. అందుకే సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను.

ఆ మేడమ్ మొదటిరోజే ఒక కాగితం పట్టుకుని అడిగారు. "మీరు చెప్పేది నేను ఊరికే వినాలా, నిలదీయాలా? పాత సంగతులు మాట్లాడదామా, ఇప్పటివా? ఇంటి దగ్గర చేయడానికి పనులివ్వమంటారా? ఒకటి నుంచి ఐదు దాకా, ఏది ఎంత కావాలో చెప్పండి."

అన్నిటికీ "మీ ఇష్టమండి" అన్నాను. పక్కనున్న మా ఆయన ఇంకాస్త ముందుకెళ్లి, "మీకు తెలీదేంటండీ మేడమ్‌గారూ! మీరెలాగంటే అలాగే" అన్నాడు. ఆవిడ చేసేదిలేక అన్నిటికీ మధ్య అంకె వేసుకున్నారు. మొప్ప ఎత్తి చూడనిదే చేప కొనని నాకు, అక్కడ ఇది కావాలని అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది.

ఇంకేముంది! కళ్లు మూసుకుని ఊపిరి పీల్చమనేవారు. చిన్నతనం గురించి చెప్పమనేవారు. కళ్లు మూస్తే నాకు గుండె చప్పుడు మరీ గట్టిగా వినబడేది. ఎప్పుడు లేచిపోదామా అని కాళ్లు లాగేవి. "ఎలా ఉందండీ?" అని అడిగితే "బాగుందండి" అనేదాన్ని. ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచేదాన్ని. చివరికి ఒకరోజు ఆ గదిలోనే ఎటాక్ వచ్చింది.

"ఇంక నేను రానండి!" అని కేకేశాను. "కళ్లు మూసుకోమనకండి. నా చిన్నతనానికేం రోగం లేదు. నాకు హార్బర్‌కి వెళ్లడం కావాలి. ఏం చేయాలో చెప్పండి, చేయకపోతే తిట్టండి!"

అరిచాక సిగ్గేసింది. ఆవిడ మాత్రం కోప్పడలేదు. కాగితం మళ్లీ తీసి, "ఇప్పుడు చెప్పండమ్మా, ఒక్కొక్కటీ" అన్నారు. చెప్పాను.

అప్పటినుంచి వైద్యం మారింది. మొదట గేటు దాకా వెళ్లి నిలబడాలి, తర్వాత పడవల దాకా, ఆ తర్వాత పాట దాకా. దీన్ని ఎక్స్‌పోజర్ అంటారట. మధ్యలో ఒకసారి పారిపోయి వచ్చాను. "దడ తగ్గేదాకా నిలబడమన్నానా లేదా?" అని గట్టిగా నిలదీశారు. నేనడిగిన తిట్లే కదా, అమ్మయ్య అనిపించింది.

ఇప్పుడు మళ్లీ పాట పాడుతున్నాను. దడ అప్పుడప్పుడూ వస్తుంది, కాళ్లు గేటు వైపు లాగుతాయి. అయినా నిలబడుతున్నాను. నాలాంటి వాళ్లకు ఒక్కటే చెబుతాను. మీకెలా కావాలని అడిగితే మొహమాటపడకండి. నచ్చకపోతే, మానేసే ముందు ఆ మాట వాళ్లతోనే అనండి. నేను ‘బాగుందండి’ అన్నన్నాళ్లూ ఆవిడ నిజమనే నమ్మారు, పాపం.