పాప పాటల సుగుణత్తమ్మ

నిన్న పొద్దున కామారెడ్డి బస్టాండులో నిలబడి ఉన్నాను. బాపు ఫోన్.

"చెల్లె పోయింది బిడ్డా. చాయ్ తాగి పండుకున్నది, మల్ల లేవలే."

ఏ చెల్లె అని అడిగాను. బాపుకు ఉన్నదే ఒక్క చెల్లెలు.

మా మేనత్త. సుగుణత్తమ్మ. మీలో చాలామందికి పేరు కూడా తెలియదు, "పాప పాటలామె" అంటేనే గుర్తుపడతారు.

రాత్రి నుంచి నా ఫేస్‌బుక్ నిండా ఆమె ఫోటోలే. "అమ్మలాంటి మనిషి" అని ఒకరు పెట్టారు. "మా బిడ్డకు జోల పాడిన తల్లి, RIP" అని ఇంకొకామె, పక్కన ఏడుపు బొమ్మలు.

చదివి ఒళ్లు మండింది. అందుకే రాస్తున్నాను. నచ్చకపోతే అన్‌ఫ్రెండ్ చేసుకోండి.

తెలియని వాళ్ల కోసం. అరవైల్లో ఊరూరా మోగిన సినిమా పాటల్లో "పాప" అనే మాటతో ఎత్తుకునేవి ఎన్ని ఉన్నాయో అన్నీ అత్తమ్మకు వచ్చు. నిద్రపుచ్చేవి, ఆటపట్టించేవి, తల్లి లేని పాప కోసం తండ్రి పాడుకునే ఏడుపు పాటలు. చిన్నప్పుడు పక్కింటి రేడియో వింటూ గోడకు ఆనుకుని నేర్చుకుందట.

తర్వాత కామారెడ్డిలో ఒక చిన్న ఆర్కెస్ట్రాలో చేరింది. ఇక ఎల్లారెడ్డిలో గానీ బీర్కూర్‌లో గానీ ఎవరింట్లో తొట్టెల ఫంక్షన్ అయినా, పుట్టిన బిడ్డను మొదటిసారి తొట్టెలో వేసే ఆ రోజున, పిలుపు ఆమెకే. పాప పాటలు ఒకదాని వెంట ఒకటి. మధ్యలో వేరే పాట పాడనిచ్చేవాళ్లు కాదు.

అత్తమ్మకు పిల్లలు లేరు.

అందుకని తొట్టె దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు.

గొంతు కావాలి, చేయి తగలకూడదు. మైకు వైరు ఎంత దూరం వస్తే అంత దూరంలో, వాకిట్లో కుర్చీ వేసేవాళ్లు.

పిల్లలు కాలేదనే ఆమె భర్త, మా మామ, ఆమెను పుట్టింటికి పంపి ఇంకో పెళ్లి చేసుకున్నాడు. అక్కడా కాలేదు. ఆయన్ని మాత్రం ప్రతి తొట్టెలకూ ముందు వరుసలోనే కూర్చోబెట్టారు. బిడ్డను ఆయన ఒళ్లో పెట్టి ఫోటోలు కూడా తీశారు.

ఒకసారి ఎల్లారెడ్డిలో ఒక పెద్దింటికి నేనూ తోడు వెళ్లాను. పాట బాగా కుదిరింది. అత్తమ్మ ఆ ఊపులో మర్చిపోయి, మైకు పట్టుకునే తొట్టె వైపు నడిచింది. ఆ ఇంటి పెద్దావిడ లేచి అడ్డం వచ్చింది.

"ఏయ్, ఆమెనాపుండ్రి! గొడ్రాలి నీడ పిల్ల మీద పడనిస్తరా?"

మైకు ఆన్‌లో ఉంది. ఆ మాట సౌండ్ బాక్సుల్లోంచి వీధంతా మోగింది. బయట ఎవరో కిసుక్కున నవ్వారు కూడా.

అత్తమ్మ చేతిలోని మైకు వంక చూసింది. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. కీబోర్డు వాయించే అన్నతో, "ఇంకో పాప పాట అందుకోరాదే" అన్నది.

ఎక్కడా తప్పు పోకుండా పాడింది. నేనే ఏడ్చాను. ఇంటికి వస్తుంటే ఆటోలో, వాళ్లింట్లో గారెలు బాగున్నాయన్నది.

తెలంగాణ వచ్చినప్పటి సంబరాల్లో స్టేజీ ఎక్కి ఒక ఉద్యమ పాట పాడతానని అడిగింది. "నీకెందుకమ్మా గవన్ని, పాప పాట అందుకో" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పాడింది.

నా బిడ్డ తొట్టెలప్పుడు నేను మొండికేశాను. ముందు మా అత్తమ్మే తొట్టెలో వేయాలి, లేకపోతే ఫంక్షనే వద్దన్నాను. మా ఆయన తరఫు వాళ్లు ముఖాలు మాడ్చుకున్నా ఒప్పుకున్నారు. పాపను తెచ్చి ఆమె ముందు పట్టుకున్నాను.

అత్తమ్మ చేతులు ముందుకు వచ్చాయి. నేను చూశాను. వచ్చి, మళ్లీ వెనక్కి పోయాయి. రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"వద్దు బిడ్డా. రేపు దీనికి జరమొచ్చినా నా మీదికే వస్తది. ఒక్క నీ ఇల్లన్న మిగలనియ్యి నాకు."

వాకిట్లోకి పోయి తనే కుర్చీ వేసుకుంది.

నిన్న మధ్యాహ్నం ఎల్లారెడ్డిలో బాపు ఇంటి ముందు అత్తమ్మను పడుకోబెట్టాం. కీబోర్డన్న ఏడుస్తూ తన ఫోన్‌ను స్పీకర్‌కు కలిపాడు. ఎప్పుడో రికార్డు చేసుకున్న అత్తమ్మ గొంతు. పాప పాటే.

జనంలో ఒకామె చంకలో పసిబిడ్డ అప్పటిదాకా ఎండకు గుక్కపట్టి ఏడుస్తోంది. పాట మొదలవగానే ఆపింది. మెడ తిప్పి అత్తమ్మ వైపు చూడసాగింది.

"చూడుండ్రి, ఎట్ల ఊకున్నదో!" అన్నది పక్కనున్న అవ్వ.

అంతే. ఆ తల్లి గభాలున కొంగు లాగి బిడ్డ ముఖం మీద, చెవుల మీద కప్పేసింది. గేటు దాటి బయటికి పరుగెత్తింది. బయట బిడ్డ మళ్లీ ఏడుపు ఎత్తుకుంది. పాట అయిపోయేదాకా ఏడుస్తూనే ఉంది, ఆమె మాత్రం లోపలికి తేలేదు.

చచ్చిపోయాక కూడా.

"మా బిడ్డకు జోల పాడిన తల్లి" అని రాత్రి పోస్ట్ పెట్టింది ఆ కొంగు కప్పినామెనే. లైకులు బాగానే వచ్చాయి.

ఇక ఎవరి పాపకూ పాడకు అత్తమ్మా.

నిమ్మళంగ పండుకో.