అక్క చెవి మిషన్ నీళ్లలో పడ్డ రోజు

మా చిన్నప్పుడు... వరంగల్‌లో బడి వదిలే వేళకు వాన పట్టుకుంటే నాకు భయమేసేది. నేను తడుస్తానని కాదు... అక్క చెవి మిషన్ తడుస్తుందని.

స్వరూపక్క నాకంటే మూడేళ్లు పెద్ద. పుట్టినప్పటి నుంచీ వినికిడి తక్కువ. అగ్గిపెట్టెకు రెండింతల డబ్బా ఒకటి గౌను జేబులో, దాని నుంచి ఒక వైరు చెవిలోకి. ఎన్నో ఉచిత వైద్య క్యాంపుల చుట్టూ తిరిగితే దొరికిన మిషన్ అది. మళ్లీ కొనే స్తోమత మాకు లేదు.

అందుకే అమ్మ ఒక పాల కవరు కడిగి, ఆరబెట్టి, నా సంచిలో పెట్టేది. "వాన రాంగనే మిషన్ అండ్ల పెట్టి మూతి ముడెయ్యి బిడ్డా... మర్వకు" అని రోజూ చెప్పేది.

ఆ రోజు ఆ కవరు నిండా నేరేడు పండ్లున్నాయి. ఏరి నింపింది నేనే...

రైల్వే అండర్ బ్రిడ్జి దగ్గరకు వచ్చేసరికి కుండపోత. కింద అప్పటికే మోకాలి లోతు నీళ్లు. గబగబా పండ్లు పారబోశాను. కవరు లోపలంతా ఊదా రంగు రసం... నా గౌను అంచుతో తుడుస్తున్నాను. అక్క మిషన్ చేతిలో పట్టుకుని నిలబడింది. పక్క నుంచి ఒక ఆటో దూసుకుపోయింది. నీళ్లు ఎగిసి ముఖాన కొట్టాయి. అక్క ఉలిక్కిపడింది... మిషన్ జారి బురదనీళ్లలో పడింది.

ఇద్దరం వంగి చేతులతో దేవులాడాం. రాళ్లు, తెగిన చెప్పు... చివరికి వైరు నా వేలికి తగిలింది. పైకి లాగితే డబ్బాలోంచి నీళ్లు ధారగా కారాయి.

పనిచేస్తుందో లేదోనని స్విచ్ తిప్పబోయాను. అక్క నా చేతి మీద ఫట్‌మని కొట్టి, వెనక మూత తీసి పెన్సిల్ సెల్ పీకేసింది.

ఇంట్లో అమ్మ మిషన్ లాక్కుని చూసింది. "కవరేదే?" అని నన్ను అడిగింది. అక్క అమ్మ పెదవులు చూసింది... నా ముఖం చూసింది... "నేనే పారేసిన" అంది.

అమ్మ అక్క వీపు మీద ఒక్కటి వేసింది. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు.

అమ్మ పెనం వేడిచేసి దాని మీద ఆరబెట్టబోయి, ఇంకా పాడవుతుందేమోనని ఆగిపోయింది. మిషన్‌ను కొంగులో చుట్టుకుని, రేడియోలు బాగుచేసే రాజయ్య మామ దుకాణానికి మమ్మల్ని వెంటబెట్టుకుని పరుగెత్తింది.

మామ మరలు విప్పాడు. లోపలంతా బురద. "సెల్ ఎవలు తీసిన్రు?" అన్నాడు. అక్కను చూపించాను.

"మంచి పని చేసినవ్ బిడ్డా. స్విచ్ ఏస్తే లోపల కాలిపోతుండె."

స్పిరిట్‌లో తడిపిన దూదితో మెల్లగా తుడిచాడు. "పొయ్యి కాడ మాత్రం పెట్టకు చెల్లె, ప్లాస్టిక్ కరుగుతది. ఈడనే గాలికి ఆరనీ. రెండు రోజులు ఎవ్వరు ముట్టద్దు."

"నడుస్తదా అన్నా?" అంది అమ్మ.

"ఇప్పుడే చెప్పలేను..."

ఆ రెండు రోజులూ అక్క మిషన్ లేకుండానే బడికి వచ్చింది. వెనక నుంచి వచ్చే బండి హారన్ తనకు వినపడదు కదా... దారి పొడవునా నేను తన చేయి వదల్లేదు.

మూడో రోజు మామ కొత్త సెల్ వేసి స్విచ్ తిప్పాడు. ఏ చప్పుడూ లేదు. సెల్ తీసి, అది తగిలే రేకులు గీకి, మళ్లీ వేశాడు... కుయ్‌మని ఈల!

మామ దాన్ని అక్క చెవిలో పెట్టి, "బిడ్డా, ఇనవడ్తాందా?" అని గొంతు చించుకున్నాడు.

అక్క చెవి మూసుకుంది. "ఇనవడ్తాంది మామా... జర మెల్లగ ఒర్రు!"

ఆ సాయంత్రమే అమ్మకు నిజం చెప్పేశాను. నన్ను కొట్టలేదు. అక్కను దగ్గరకు తీసుకుని, చాలాసేపు వీపు నిమిరింది.

ఇప్పుడు నీళ్లలో పడ్డా ఏమీ కాని ఫోన్లు వచ్చాయి. పాడైతే ఇంకోటి కొనేసుకుంటున్నాం... ఒక్క వస్తువు కోసం ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి కూర్చోవడం మా పిల్లలకు తెలియదు.

మీ ఇంట్లో అలా కాపాడుకున్న వస్తువేదో... మీ తప్పు తన మీద వేసుకున్న మనిషెవరో... కింద రాయండి, చదవాలని ఉంది.