పాత క్యాసెట్ల బూజు, నా ఊపిరి

ఆ ఆదివారం మంచు మీద జారుకుంటూ కిందికొచ్చి ఆగాక నాకు మాట రాలేదు. పడలేదు, దెబ్బ తగల్లేదు. ఊపిరి అందలేదంతే. దుబాయ్‌లో నాలుగు గోడల మధ్య మంచు పోసి కట్టిన స్కీయింగ్ హాలు అది. మా చిన్నమ్మ కూతురు రాణి అక్కడ బూట్లిచ్చే కౌంటర్లో పనిచేస్తుంది కాబట్టి నాకు ఆ సరదా అందుబాటులోకి వచ్చింది.

"ఏంటక్కా, పెదాలు నల్లబడ్డాయి?" అంది రాణి. చలికేమో అన్నాను.

నన్ను వీడియో తీసేవాళ్లెవరూ లేక, సెల్ఫీ స్టిక్కుకి కెమెరా బిగించి, జారుతూ కాకినాడలో ఉన్న అమ్మకి కబుర్లు చెప్తూ నన్ను నేనే తీసుకుంటాను. ఇంటికెళ్లి ఆరోజు వీడియో చూస్తే భయమేసింది. పాత వీడియోల్లో అదే వాలు మీద వసపిట్టలా వాగుతున్నాను. ఇందులో ఒక్క వాక్యం పూర్తి చెయ్యలేకపోతున్నాను.

నా ఉద్యోగం దుబాయ్‌లోనే అల్ ఖూజ్‌లో, పాత వీడియో క్యాసెట్లని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే షాపులో. అప్పట్లో సెలవు దొరకని గల్ఫ్ నాన్నల కోసం ఊళ్లో పెళ్లిళ్లు, బారసాలలు క్యాసెట్ తీయించి, వచ్చేవాళ్ల చేత పంపేవారు. అవన్నీ ట్రంకు పెట్టెల్లో పడుండి, రీలు మీద తెల్లగా బూజు పట్టి మా బల్ల మీదికి చేరేవి. కోవిడ్ రోజుల్లో ఇళ్లలో కూర్చున్న జనం పెట్టెలు సర్దాక అవి గుట్టలుగా వచ్చిపడ్డాయి. మూత ఎత్తడం, ఉఫ్ అని ఊదడం, దూదితో తుడవడం, మెషిన్లో పెట్టడం. టేప్‌రికార్డర్ల కాలం నుంచి మన ఇళ్లలో అందరం చేసిందే. కిటికీ లేని ఏసీ గదిలో నేను రోజంతా అదే చేశాను.

పొడి దగ్గు, సాయంత్రమయ్యేసరికి చలిజ్వరం. క్లినిక్ డాక్టర్ డస్ట్ అలర్జీ అని సిరప్ రాశాడు. మళ్లీ వెళ్తే కోవిడ్ తర్వాత అందరికీ ఇంతే అన్నాడు. మూడోసారి నా వీడియో చూపించాను. నా ఊపిరి వినమని చూపిస్తే, ఆయన చూసింది నా కాళ్లని.

"స్కీయింగ్ చేసే ఓపికుంది. You are fine. టెన్షన్ తగ్గించుకోండి."

ఆ మాటకి ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. ఛాతీ మీద స్టెత్ పెట్టలేదు. పనేంటని అడగలేదు. ఆడమనిషి ఆయాసమంటే టెన్షనే కాబోలు ఆయన చదువులో.

ఇక మా ఓనరు సలీం భాయ్, హైదరాబాద్ ఆయన. జ్వరమొచ్చి సిక్ లీవ్ అడిగితే, నా వాట్సాప్ స్టేటస్‌లోని అదే వీడియో నాకే చూపించాడు. "స్కీయింగ్ చేస్తున్నవ్, సిక్ అంటున్నవ్. ఏందమ్మా ఇది? ఖలాస్, పనికి రా" అన్నాడు. నా జబ్బుకి నేను తీసుకున్న సాక్ష్యం నా మీదే దొంగ ముద్ర వేసింది.

సెలవు మీద ఇంటికెళ్తే దగ్గు దానంతటదే తగ్గింది. అమ్మ చేతి తిండి వల్లే అన్నారు చుట్టాలు. తిరిగొచ్చి బల్ల ముందు కూర్చున్న రోజు సాయంత్రమే జ్వరం. ఆ వారంలోనే రాణి నన్ను పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది. రక్తంలో ఆక్సిజన్ saturation ఎనభైల్లోకి పడిపోయింది. ఆక్సిజన్ పెట్టారు.

అక్కడి pulmonologist, అంటే ఊపిరితిత్తుల డాక్టర్, ఒక పెద్దావిడ. వీడియో చూపిస్తే ఫోన్ బోర్లా పెట్టి, కళ్లు మూసుకుని వింది. తర్వాత హిందీలో అడిగింది, "రోజంతా ఏం పని చేస్తావమ్మా?" చెప్పాను. "చెప్పడం కాదు, చేసి చూపించు" అంది. దిండు పక్కనున్న కళ్లజోడు పెట్టె తీసుకుని మూత ఎత్తి ఉఫ్ అని ఊదాను. ఊదాక మళ్లీ గాలి లోపలికి లాక్కున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

HRCT స్కాన్ తీశారు, గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే PFT చేశారు, ఊపిరితిత్తుల్లోకి కెమెరా దించి bronchoscopy చేశారు. Hypersensitivity pneumonitis అని తేల్చారు. ఊదిన బూజులో కొంత నా ఊపిరితిత్తుల్లోకే పోయి, అది పడక అవి వాస్తున్నాయి. Steroids మొదలుపెట్టారు. మొహం ఉబ్బింది, షుగర్ పెరిగింది, ఆకలి పెరిగి అన్నం గిన్నె ఖాళీ అయ్యేది. అయినా మెట్లెక్కగలిగాను.

"ఆ బూజుకి exposure ఆగకపోతే ఈ మందు వృథా" అని కాగితం మీద రాసిచ్చిందావిడ. ఆ కాగితం పట్టుకెళ్తే సలీం భాయ్ నా బల్ల గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి జరిపి, ఒక గుడ్డ మాస్కు ఇచ్చాడు. గది అదే, ఏసీ అదే, క్యాసెట్లు అవే. వీసా ఆయన చేతిలో ఉంది కనక నోరు మూసుకుని కూర్చున్నాను. నెల తిరక్కుండా మళ్లీ ఆక్సిజన్. ఈసారి scanలో fibrosis అని రాశారు. ఆ మచ్చలు ఇక పోవట. రెండోసారి ఆసుపత్రిలో చేరింది జబ్బు వల్ల కాదు, ఆ మనిషి వల్ల. ఇది ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

ఆ పని మానేసి, వీసా మార్చుకుని, ఇప్పుడు దుబాయ్‌లోనే సత్వాలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. అన్నీ మెమరీ కార్డుల్లోనే వస్తాయి, బూజు లేదు. ఆర్నెల్లకోసారి PFT. డాక్టరమ్మ ఒప్పుకున్నాక మళ్లీ మంచు మీదికెళ్లాను, చిన్న వాలు మీదే. వీడియోలో అమ్మకి కబుర్లు చెప్తూ మధ్యలో రెండుసార్లు ఆగుతాను.

నాకు రావాల్సిన జీతం లెక్క కాగితాల కోసం మొన్న పాత షాపుకెళ్లి గుమ్మం బయటే నిలబడ్డాను. నా బల్ల దగ్గర కొత్తగా చేరిన నెల్లూరు ఖాదర్ భాయ్, యాభై దాటిన మనిషి, క్యాసెట్ మూత ఎత్తి ఊదబోతున్నాడు. "ఊదకండి భాయ్" అని అక్కణ్నించే అరిచాను. ఆ ఒక్క అరుపుకే దగ్గు తెరొచ్చి గుమ్మం పట్టుకున్నాను. ఆయన నా వంక చూసి, క్యాసెట్ కింద పెట్టాడు.

చదివేవాళ్లకి ఒక్కటే చెప్తాను. ఆయాసమని డాక్టర్ దగ్గరికెళ్తే, ఆయన అడగకపోయినా మీరు రోజూ చేసే పనిని ఆ కుర్చీలోనే చేసి చూపించండి. ఆయాసమని నేను మూడుసార్లు నోటితో చెప్పాను. ఒక్కసారి చేసి చూపించాకే నా మాట నమ్మారు.