వెనకాల మేసే యాప్‌లు

నరీన్ కొండల మీద గుర్రాలు కాసే ముసలి జుమాకాదిర్, ఎవరి ఫోనులో ఎన్ని యాప్‌లు తెరిచి ఉన్నాయో ఆమడ దూరం నుంచే వాసన పట్టేస్తాడు. సరే, ఆమడ కాదు, గుడారం గుమ్మం నుంచి. ముక్కుతో కూడా కాదు, ఫోను లాక్కుని చూస్తాడు. చూశాక మాత్రం ఒక్కటీ బతకదు.

"వెనకాల ఇన్నిటిని వదిలేశావేంరా? అన్నీ నీ చార్జింగు మేసేస్తున్నాయి!" అంటూ బొటనవేలితో ఒక్కొక్కదాన్నీ తెర మీంచి తోలేస్తాడు.

ఓసారి టీకాలు వేయడానికి పశువుల డాక్టరు వచ్చాడు. గుర్రపుపాల గిన్నె అందుకునేలోపే అతని ఫోను ముసలాయన చేతిలో ఉంది.

"అయ్యో తాతా, అది మ్యాప్! దారి చూపిస్తుంది!"

"దారి నీ గుర్రానికి తెలుసులే."

"నేను జీపులో వచ్చాను తాతా!"

"అదే నువ్వు చేసిన తప్పు."

తిరుగు దారిలో ఆ డాక్టరు పక్క లోయలోకి దిగిపోయి, ఎవరూ అడక్కుండానే అక్కడి గొర్రెలన్నిటికీ టీకాలు పొడిచేశాడని చెప్పుకుంటారు.

జుమాకాదిర్ కోడలు అసిపాకు అంతుపట్టని సంగతి వేరే ఉంది. గుడారాలన్నిటికీ కలిపి ఉన్నది ఒకటే సోలార్ పలక. అందరి యాప్‌లూ మూయించే మామగారి ఫోనే మధ్యాహ్నానికల్లా చచ్చిపోయేది. పలక దగ్గరికి అందరికంటే ముందు పరిగెత్తేదీ ఆయనే.

"మీ ఫోన్లో ఏది మేస్తోంది మామయ్యా?"

"ముసలి ఫోనమ్మా. నాలాగే కునుకు తీస్తుంది."

ఒకరోజు పాలు పితకబోయిన అసిపాకు, గుర్రప్పిల్లలను కట్టే తాడుకు వేలాడుతున్న సంచిలో ఆ ఫోను కనిపించింది. ముట్టుకుంటే కాలిపోతోంది. పోనీ మేలు చేద్దామని తెర వెలిగించింది. వెనకాల నడుస్తున్నది ఒక్కటే, పొద్దుటి నుంచి తెగని ఫోన్ కాల్. తోసేయబోతుంటే లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఎవరక్కడ? అడుగు చప్పుడులోనే తెలుస్తోంది, ఆ బూడిదరంగు గుర్రం కాలు ఈడుస్తోంది. గిట్ట చూడు."

అది శర్షెన్ గొంతు. మామగారితో కలిసి ఏళ్ల తరబడి గుర్రాలు కాసినవాడు. తుంటి విరిగి, పట్నంలో కూతురింట్లో, నాలుగో అంతస్తులో మంచం పట్టాడు. తిండి మానేశాడని కూడా అందరూ విన్నారు.

"ఏమైనా తింటున్నారా తాతా?"

"గుర్రాల చప్పుడు వినబడినంతసేపూ ముద్ద దిగుతుందమ్మా. అది ఆగితే గొంతు కూడా మూసుకుపోతుంది."

అసిపా వేలు వెనక్కి తీసుకుంది. గిట్టలో ఇరుక్కున్న రాయి పీకేసింది. నేరుగా వెళ్లి పలక నుంచి తన ఫోను ఊడదీసి, పలకనీ వైరునీ ఆ తాడు దగ్గరికే తెచ్చి మామగారి ఫోనుకు తగిలించింది.

సాయంత్రం ఆయన్ని నిలదీసింది. "శర్షెన్ తాత కోసం పలక ఖాళీగా ఉండాలనేనా మామయ్యా, యాప్‌లు మూయించి మా అందరినీ ఇన్నాళ్లూ కాల్చుకు తిన్నది?"

"శర్షెనా? ఆ తిక్కలోడితో నేను మాట్లాడతానా!" కస్సుమన్నాడు జుమాకాదిర్. "నాకేం తెలీదు. ఆ ఫోనుకే బుద్ధి లేదు, దానంతటదే ఎవరికి పడితే వాళ్లకి చేసేస్తుంది."